తాడంత నీడ

నిన్న సాయంత్రం మా మనవరాలు తార్నాక చౌరస్తాలోని స్టేషనరీ దుకాణం నుంచి థర్మాకోల్ పలక ఒకటి తెచ్చింది. దాని మీద ఒక చిన్న ఇల్లు, పక్కన చెట్టు, చెట్టు కొస నుంచి నేల దాకా ఎర్రదారం. అన్నీ అంటించే ఉన్నాయి. ఏందే ఇది అంటే, "లెక్కల ప్రాజెక్టు నానమ్మా, రెడీమేడ్ దొరుకుతది, పేరు రాసి ఇచ్చుడే" అన్నది. నాకు ఒళ్లు మండింది. చెట్టు పొడుగు కనుక్కునే లెక్క అట అది. చెట్టు ఏదే అంటే థర్మాకోల్ మీది చెట్టును చూపించింది. మా వీధిలోనే ఇంత వేపచెట్టు ఉన్నది. దాని కిందికి పోయి ఒక్కసారైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ప్రాజెక్టు అంటే కొనుక్కొచ్చేది కాదు, ఒళ్లొంచి చేసేది. ఈ మాట నేనంటే ఇంట్లో నవ్వుతారు. నాకు సంతకం వచ్చు, బస్సు మీది నంబరు చదువుతాను, పేపరులో పెద్దక్షరాలు కూడబలుక్కుంటాను. అంతే. చిన్నప్పుడు బడిలో నేర్చినవి కూడా వాడక మరిచిపోయాను. అందుకే మా కోడలిని కూర్చోబెట్టి చెప్తున్నాను, తను రాస్తున్నది. అమ్మా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మెత్తగా చేయకు.

నా చిన్నప్పుడు మేముండేది యూనివర్సిటీ వెనక, తార్నాక వైపు, రేకుల ఇళ్లు వరసగా ఉండే చోట. ఇప్పుడు ఆ జాగాలో ఏమున్నదో నన్నడగకండి, నాకే ఆనవాలు దొరకదు. అప్పుడు తార్నాక అంటే బండలు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ పెద్ద సార్ల బంగళాలు. మెట్టుగూడ వైపు నుంచి గాలి తిరిగితే రైలింజన్ల బొగ్గు వాసన వచ్చేది. క్యాంపస్ వైపు నుంచి తిరిగితే నీలగిరి ఆకులు కుప్పేసి కాల్చిన పొగ వచ్చేది. అమ్మ పచ్చిపులుసు కోసం మిరపకాయలు కాల్చిందంటే ఆ ఘాటు రెండు పొగలనూ మింగేసేది. ఏ పూట ఏ గాలో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం.

మా నాయిన యూనివర్సిటీలో తోటమాలి. జనగామ దిక్కు పల్లెలో సేద్యం చేసేవాడు, వానలు లేక పొలం బీడైతే పట్నం వచ్చాడు. క్యాంపస్‌లో చెట్టుకొక సారు ఉండేవాడు. మా నాయిన ప్రతి సారుకూ చేతులు కట్టుకునేవాడు. గులాబీలు ఎక్కడ పెట్టాలో ఒక సారు చెప్పేవాడు, అక్కణ్ణుంచి పీకి ఇంకోచోట పెట్టమని ఇంకో సారు చెప్పేవాడు. నాయిన ఇద్దరికీ "అట్లనే సార్" అనేవాడు, ఇద్దరు చెప్పిందీ చేసేవాడు. ఇంట్లో కూడా "సారు చెప్పిండు" అంటే ఇక మాట లేదు. "పప్పుల ఉప్పు ఎంతెయ్యాల్నో గూడ సార్లనే అడుగు" అని అమ్మ ఎగతాళి చేసేది. నాయిన నవ్వేవాడు కాదు.

నేను చదివిన బడి క్యాంపస్ అంచున ఉండేది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసే కూర్చునేవాళ్లం, మధ్యలో సందు వదిలి. ఏటా చలికాలంలో, రేగుపండ్లతోపాటే, టీచర్ల కాలేజీ నుంచి ట్రైనింగ్ వాళ్లు వచ్చేవాళ్లు. మా మీద పాఠాలు చెప్పడం నేర్చుకునేవాళ్లు. వాళ్లు చెప్తుంటే మేం రేగుపండ్లు చప్పరించి గింజలు ముందు బెంచీ వాళ్ల జడల్లో దోపేవాళ్లం. బోర్డు మీద రాసే సుద్దముక్కలు దొంగిలించేవాళ్లం. ఆ ఏడు లెక్కలకు ఒక ఆడమనిషి వచ్చింది. గుంటూరు వైపు ఆమె, హాస్టల్లో ఉండేది. సన్నగా, కళ్లద్దాలతో, గట్టిగా గాలొస్తే పడిపోయేటట్టు ఉండేది. మా బుద్ధి పోనిచ్చుకోకుండా మొదటిరోజే ఆమె మాటను పట్టుకున్నాం.

"ఎవరర్రా బయట నుంచుంది? లోపలికి రండి" అన్నదామె.

తరగతి గొల్లుమన్నది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి నడిచొచ్చే పిల్ల ఒకతె నా పక్కన కూర్చునేది. అందరం దాన్ని మెట్టుగూడ పిల్ల అనే పిలిచేవాళ్లం. అది లేచి, "టీచర్, నువ్వు మల్లొక్కపారి గట్ల మాట్లాడు, మస్తుగున్నది" అన్నది.

ఆమె ముఖం ఎర్రబడింది. తనను "నువ్వు" అన్నందుకో, మాటను నవ్వినందుకో తెలియదు. అంతలోనే తనే నవ్వేసింది. "సరే. నా మాట మీకు నేర్పుతాను, మీ మాట నాకు నేర్పండి. ముందు బయటికి రండి."

బయటికి రమ్మన్న టీచరును అంతకుముందు మేం చూడలేదు. లెక్కలంటే బోర్డు, బెత్తం, ఎక్కాలు. ఆమె మమ్మల్ని ఎండలోకి తీసుకుపోయి జెండా కర్ర దగ్గర నిలబెట్టింది. ఇనప స్తంభం అది, సున్నం వేసిన దిమ్మె మీద. కొసన గిలక, గిలక మీదుగా తాడు.

"దీని పొడుగెంత? ఎక్కకుండా చెప్పాలి."

ఒకడు తాటిచెట్టంత అన్నాడు, ఒకడు రెండు బస్సులంత అన్నాడు. డబుల్ డెక్కరా, మామూలు బస్సా అని వాళ్లలో వాళ్లు కొట్లాడుకున్నారు. అప్పుడు ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది. పొద్దున నీడలు పొడుగు. పొద్దెక్కేకొద్దీ దగ్గరికి జరుగుతాయి. ఏ క్షణాన నీ నీడ సరిగ్గా నీ అంత పొడుగవుతుందో, అదే క్షణాన ఆ ఆవరణలో నిటారుగా ఉన్న ప్రతి దాని నీడా దానంతే ఉంటుంది. కాబట్టి ఒక పిల్ల నిలబడాలి. ఆ పిల్ల పొడుగంత తాడు నేల మీద పరచాలి. పిల్ల నీడ తాడు కొసకు తగలగానే కేక వేయాలి. అప్పుడు జెండా కర్ర నీడ కొసన ఇంకొకరు రాయి పెట్టాలి. ఆ తర్వాత నేల మీద కొలుచుకోవడమే. ఆకాశంలోకి ఎక్కే పని లేదు.

నాకు ఒళ్లు జలదరించింది. నా పొడుగును పెట్టి అంత కర్ర పొడుగు పట్టుకోవచ్చునని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో నా పొడుగు లంగాకు బట్ట ఎక్కువవుతున్నదని తిట్టడానికే పనికొచ్చేది.

"నిలబడ్డ పిల్ల కదలకూడదు. తల వంచి నీడ చూసుకోకూడదు, తల వంచితే నీడ మారిపోతుంది. ఎవరున్నారు అట్లాంటి వాళ్లు?"

"దీన్ని నిలబెట్టు టీచర్" అన్నది మెట్టుగూడ పిల్ల నన్ను ముందుకు తోసి. "గోడన్న కదుల్తదేమో గని ఇది కదలది. మొండి ఘటం."

నన్ను వరండాలో గచ్చు మీద పడుకోబెట్టారు. నెత్తి దగ్గర ఒక గీత, మడమ దగ్గర ఒక గీత. మా ఇంటి చేదతాడు పాతది నేనే తెచ్చాను, అడగకుండా. దాన్ని గీత నుంచి గీతకు పరచి కోశారు. అది నా తాడు. దాన్ని చుట్ట చుట్టి మెట్టుగూడ పిల్ల తన సంచిలో పెట్టుకుంది.

ఆ రాత్రి జొన్నరొట్టె తింటూ ఈ సంగతి గొప్పగా చెప్పాను. మా నాయనమ్మ రొట్టె తట్టే చెయ్యి ఆగిపోయింది.

"ఎట్ల కొలిచిండ్రే?"

"పండవెట్టి. నెత్తి కాడ గీత, మడిమె కాడ గీత."

"పండవెట్టి తాడుతోని ఎవల్ని కొలుస్తరో ఎరికేనా నీకు? పీనుగను! పాడె కట్టెటందుకు! బతికున్న పిల్లను గట్ల కొలుస్తదా ఆ ఆంధ్ర పంతులమ్మ?"

"నిలబెట్టి కొలిస్తె తాడు వంకర పోతది నాయనమ్మా."

"నోర్ముయ్."

ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదని తేల్చింది. అమ్మ పొయ్యి వెనక కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను చూశాను.

కొద్దిరోజులకే నేను పెద్దమనిషినయ్యాను. నాయనమ్మ లెక్కలో ఆ తాడే దానికి కారణం. అమ్మలక్కలందరికీ అట్లనే చెప్పింది. నన్ను వెనక అర్రలో తడక చాటున కూర్చోబెట్టారు. కొత్త ఈతచాప, వేరే పళ్లెం, వేరే చెంబు. నువ్వుల ముద్దలు, బెల్లం పెట్టిన ఎండుకొబ్బరి. తిండికేం తక్కువ చేయలేదు, అది ఒప్పుకోవాలి. తడకకు అవతల ఆడవాళ్లు చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడుకునేవాళ్లు. నా చదువు సంగతి నాకు అట్లా తెలిసింది.

"ఇగ బడి బందేనా అత్తమ్మా?" అని ఎవరో అడిగారు.

"బందే. ఎండకాలంల లగ్గం జేస్తె అయిపాయె" అన్నది నాయనమ్మ, కూరగాయల బేరం తేల్చినంత తేలికగా.

నా నోట్లో నువ్వుల ముద్ద ఉన్నది. దాన్ని పళ్లెంలో ఉమ్మేశాను. నన్నెవరూ అడగలేదు, అడుగుతారని నేనూ అనుకోలేదు. కానీ ఆ చిక్కుడుకాయల మధ్య పడేసి తేల్చేయడం ఉన్నది చూడండి, అది నాకు కాలింది.

ఇంకొక నియమం కూడా పెట్టారు. దొడ్లోకి పోయినా వచ్చినా నా నీడ జాగ్రత్త. "తొక్కు జాడీ మీద పడొద్దు, తులసి మీద పడొద్దు. మీ నాయిన మీద అసలే పడొద్దు. పడితే ఆయుష్షు తక్కువైతది" అన్నది నాయనమ్మ. ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతాను: మా నాయిన మునిమనవళ్లను ఎత్తుకుని, పండ్లన్నీ ఊడిపోయి, జొన్నరొట్టెను పాలలో నానేసుకుని తిని తిని, అప్పుడు పోయాడు. కానీ ఆ దినాల్లో ఆయన కూడా నమ్మాడు. నేను దొడ్లో ఉంటే గోడ పక్కగా, ఒంటిని ఒదిగించుకుని పోయేవాడు. కన్నతండ్రి నన్ను చూసి అట్లా తప్పుకుని పోతుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఆ కోపంతోనే మొదలుపెట్టాను. పొద్దున దొడ్లో ఎండ పడగానే నేల మీద పడుకుని, నెత్తికి, మడమకు బొగ్గుతో గీతలు పెట్టేదాన్ని. మడమ గీత మీద నిలబడి నీడ చూసేదాన్ని. పొద్దు పక్కింటి చింతచెట్టు పెద్దకొమ్మ దాటినప్పుడు నా నీడ గీతకు వచ్చేది. మర్నాడూ అదే కొమ్మ, ఆ మర్నాడూ అదే కొమ్మ. చూసుకుంటే తల వంగుతుందని తెలిసి, చూడకుండా నిలబడి, వచ్చి ఉంటుంది అనుకున్నప్పుడు ఒక్కసారి చూసేదాన్ని. రానురాను చూడకుండానే తెలిసేది. మూలన కూర్చోబెట్టిన పిల్లకు వేరే పనేముంది?

ఒకరోజు గోడ అవతల నుంచి రేగుపండ్లు పడ్డాయి. మెట్టుగూడ పిల్ల.

"ఏయ్, ఉన్నవా? సుక్కురారం పెద్దసారు వస్తుండట. మన టీచర్‌కు మార్కులేసేది ఆ సారే. నీ జాగల మగపిల్లగాణ్ణి నిలబెడ్తమన్నడు హెడ్మాస్టరు."

"నా తాడుతోనా?"

"కొత్త తాడు కోస్తరంట."

"మరి నా తాడు?"

"నా సంచిలనే ఉన్నది. అడిగిండ్రు, పోయిందని చెప్పిన."

"పెద్దసారంటే, మా నాయిన గులాబీలు పీకి మల్ల పెట్టిన సారేనా?"

"గాయనే."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. శుక్రవారం పొద్దున నాకు తలస్నానం, పేరంటం. ఆ తర్వాత ఈ తడక తీసేస్తారు, నన్ను ఇంట్లోకి తీసుకుంటారు, పెండ్లి దాకా ఇంట్లోనే. పెద్దసారు నన్ను చూడాలి. నేను నిలబడి ఈ లెక్క చేసి చూపిస్తే, ఈ పిల్లను చదివించు అని ఆయన ఒక్క మాట అంటే, మా నాయిన కాదనలేడు. ఇంకెవరు చెప్పినా వినడు. నాకున్న దారి అదొక్కటే. మగపిల్లవాణ్ణి నిలబెట్టినా లెక్క వస్తుంది, నాకు తెలుసు. లెక్కకు నేను అక్కర్లేదు. నాకే లెక్క కావాలి.

శుక్రవారం తెల్లవారుతూనే ఇల్లు నిండింది. పసుపు, కుంకుడుకాయ, మల్లెనూనె, పులిహోర వాసనలన్నీ కలిసిపోయాయి. నాయిన సైకిల్ మీద అంబర్‌పేట్ పోయి పూలు తెచ్చాడు. మా మేనత్త నా జుట్టును నడినెత్తిన కొప్పు వేసి, కొప్పు చుట్టూ చామంతులు, కనకాంబరాలు దండలు దండలుగా కట్టింది. మెడ తిప్పలేకపోయాను. కొత్త ఓణీ. ఆడవాళ్లు పాటలు అందుకున్నారు. నేను దొడ్డి వైపు చూస్తున్నాను. పొద్దు చింతకొమ్మకు దగ్గరవుతున్నది.

"అమ్మా, దొడ్డికి పోయొస్త" అన్నాను.

"ఇప్పుడా?" అన్నది మేనత్త.

"ఇప్పుడే."

అమ్మ నా ముఖం చూసింది. ఏమనుకుందో, చెంబు నా చేతికిచ్చింది. "జల్ది రా" అన్నది.

చెంబు పట్టుకుని దొడ్డి తలుపు దాటాను. దాటాక పరుగు. బండల మీదుగా, సీతాఫలం పొదల్లోంచి, ఓణీ చేతికి చుట్టుకుని. పట్టు లంగా, నెత్తిన బుట్టెడు పూలు, చేతిలో నీళ్ల చెంబు. దారిలో గొడ్లు కాసేవాడు ఒకడు నోరు తెరిచి చూశాడు. బడి గేటులోకి పోయేసరికి చెంబులో చుక్క నీళ్లు లేవు, కానీ చెంబు మాత్రం వదల్లేదు. మగపిల్లలు చెంబును చూసి పొట్టలు పట్టుకున్నారు.

జెండా కర్ర దగ్గర కుర్చీ వేసుకుని పెద్దసారు కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, కోటు. పక్కన హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. నేను నిలబడవలసిన చోట ఒక మగపిల్లవాడు నిలబడి ఉన్నాడు. టీచరు అతని పక్కనే ఉన్నది.

"ఏందిది? పేరంటానికొచ్చినవా బడికొచ్చినవా? ఇంటికి పో" అన్నాడు హెడ్మాస్టరు.

"నేనే నిలబడాలె సార్. తాడు నాది."

మెట్టుగూడ పిల్ల సంచిలోంచి తాడు తీసి ఎత్తి చూపించింది. పోయిందన్న తాడు. హెడ్మాస్టరు దాని దిక్కు ఒక చూపు చూశాడు, ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది.

పెద్దసారు కళ్లజోడు సవరించుకుని, "నిలబడనివ్వండి, చూద్దాం" అన్నాడు.

మగపిల్లవాడు పక్కకు తప్పుకున్నాడు. నేను నిలబడ్డాను. మెట్టుగూడ పిల్ల నా మడమ దగ్గర నుంచి తాడు పరిచి, కొసన గొంతుక్కూర్చుంది. నీడ ఇంకా తాడును దాటే ఉంది, లోపలికి జరుగుతున్నది. అందరూ నేల దిక్కు చూస్తున్నారు. అప్పుడు పెద్దసారు అడిగాడు.

"అమ్మాయ్, నీ తల ఎక్కడ అయిపోయింది? పూలు కూడా నీ పొడుగేనా?"

మగపిల్లలు ఒక్కసారిగా నవ్వారు. "నెత్తి మీద ఇంకో నెత్తి!" అన్నాడొకడు.

నేను నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండి, కళ్లు మాత్రం దించి చూశాను. నిజమే. నా నీడకు తల పైన ఇంకో గుమ్మడికాయంత కొప్పు. తాడు కోసిన నాడు అది లేదు. ఈ పూల కొస తాడుకు తగిలేదాకా ఆగితే జెండా కర్ర నీడ అప్పటికే ఎంతో లోపలికి జరిగిపోతుంది, కర్ర పొట్టిదైపోతుంది. ఆ మేనత్త కొప్పు పెట్టేటప్పుడు నాకు తోచనే లేదు. నిండుగా అలంకరించుకుని లెక్కకు పోవడం మా ఇంటి పిల్లకే చెల్లింది.

టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నది. "పోనీ, అబ్బాయిని నుంచోబెడదాం సార్" అన్నది గొంతు లోపల.

"అవసరం లే" అన్నాను.

చేతులెత్తి మొదటి దండ పీకాను. పేరంటం కాకముందే పూలు తీయకూడదు. తీస్తే ఎంత అశుభమో నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి చెవుల్లో పోశారు. రెండో దండ పీకాను. పిన్నులు నోట్లో పెట్టుకుని కొప్పు విప్పాను. జుట్టు వీపంతా పడింది. పరాయి మగవాళ్లు కూర్చున్న చోట, పట్టపగలు, జుట్టు విరబోసుకుని నిలబడ్డాను. నవ్వు ఆగిపోయింది. పూలు కాళ్ల దగ్గర పడి ఉన్నాయి. వాటి మీద ఒక తేనెటీగ తిరగడం కూడా వినపడింది.

తల నిటారుగా పెట్టాను. నేల చూడలేదు. గేటు దిక్కు చూస్తూ నిలబడ్డాను. గేటులోంచి మా నాయిన సైకిల్ దిగి వస్తున్నాడు.

ఆయన నన్ను చూశాడు, జుట్టు చూశాడు, కాళ్ల దగ్గర పూలు చూశాడు. పెద్దసారును చూసి అక్కడే ఆగిపోయాడు. సైకిల్ స్టాండు వేయడం కూడా మరిచిపోయి పట్టుకుని నిలబడ్డాడు. హెడ్మాస్టరు, మగపిల్లలు, టీచరు, కోటు సారు, అందరూ నా నీడ కోసం ఆగారు. నేను కదల్లేదు. నేను చూడకుండానే నాకు తెలిసింది. ఇప్పుడు అనుకున్నాను. అదే క్షణాన మెట్టుగూడ పిల్ల కేక వేసింది.

"తగిలింది!"

అవతల రాయి పెట్టారు.

"సరే, ఇది నిజమని ఎట్లా నమ్మేది?" అన్నాడు పెద్దసారు. టీచరు అప్పటికి తేరుకుంది. అటెండరు చేత జెండా తాడుకు పొడుగాటి పురికొస కట్టించి గిలక దాకా లాగించింది. దిమ్మె కింద నేల దగ్గర గుర్తు పెట్టి, కిందికి దించి, ఆ పురికొసను నేల మీద, కర్ర మొదట్లోంచి రాయి దాకా పరిచారు. పెద్దసారు కుర్చీలోంచి లేచి వంగి చూశాడు. రాయిని దాటి జానెడు కూడా లేదు. మగపిల్లలు కూడా చప్పట్లు కొట్టారు. నెత్తి మీద నెత్తి అన్నవాడు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

పెద్దసారు నాయినను పిలిచాడు.

"నీ బిడ్డా? మంచి తెలివిగలది. చదివించు."

"అట్లనే సార్" అన్నాడు నాయిన, సైకిల్ హ్యాండిల్ మీదే రెండు చేతులూ జోడించి. నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా నీడ ఆయన కాళ్ల మీద, పంచె మీద పడింది. ఆయన చూశాడు. జరగలేదు.

సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. తిట్టలేదు. నీలగిరి చెట్ల కింద పోతున్నప్పుడు, వెనక్కి తిరక్కుండా, "ఎంతొచ్చింది?" అని అడిగాడు. చెప్పాను. "ఊ" అన్నాడు. నేను అనుకున్నాను, గెలిచాను అని. ఆ దారి పొడుగునా గెలిచాననే అనుకున్నాను.

ఇంట్లో ఏమయిందో దాన్ని సాగదీసి చెప్పను. మేనత్త నన్ను చూసి గోడు గోడున ఏడ్చింది. నాయనమ్మ మాట్లాడడమే మానేసింది, ఆమె తిట్ల కంటే అది భయంకరం. కొద్దిరోజులకు టీచరు మా ఇంటికి వచ్చింది. ట్రైనింగ్ అయిపోయి ఊరికి పోతున్నది. మంచం మీద కూర్చోబెట్టి అమ్మ సర్వపిండి పెట్టింది. నూనె చేతులతోనే ఆమె నాయినను బతిమాలింది.

"పెద్ద పరీక్షలైనా రాయనివ్వండి. సార్ కూడా చెప్పారు కదండీ."

"సారు జెప్పిండు గదనయ్యా" అన్నది అమ్మ కూడా. నాయనమ్మ ముందర అమ్మ అట్లా నోరు విప్పడం నేను విన్నది అప్పుడే.

నాయనమ్మ టీచరును ఎగాదిగా చూసింది. "నువ్వు మంచిదానివే బిడ్డా. పెండ్లయిందా నీకు?"

"లేదండీ."

"గందుకే" అన్నది నాయనమ్మ. తర్వాత కొడుకు దిక్కు తిరిగింది. "సారొచ్చి చేస్తడారా దీని లగ్గం?"

నాయిన నేల చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి పుస్తకాల సంచి భుజాన వేసుకున్నాను. "నేను పోత నాయినా. నువ్వు సారుకు సరే అన్నవు." నాయిన లేచాడు. సంచిని నా భుజం మీద నుంచి మెల్లగా తీసి, గోడకున్న మేకుకు, నాకు అందనంత ఎత్తున తగిలించాడు. నాకు ఇచ్చిన టీసీ అదే.

వాకిలి దాకా టీచరును సాగనంపాను. ఆమె కళ్లద్దాల కింద నుంచి కన్నీళ్లు కారుతున్నాయి. నాకు పొడిగానే ఉన్నాయి కళ్లు.

"ఏడ్వకు టీచర్" అన్నాను. "లెక్క కరెక్టే వచ్చింది గదా."

"వచ్చింది" అన్నదామె.

ఆ ఎండాకాలమే నా పెండ్లయింది. పిల్లలు, సంసారం, అన్నీ అయ్యాయి. మా ఆయన పోయాక పెద్దవాళ్లు వచ్చి నన్ను ఒక మూలకు కూర్చోమన్నారు. ఒకసారి కూర్చున్నాను, చాలు అని చెప్పాను. తిట్టుకుంటూ పోయారు. ఆ మెట్టుగూడ పిల్ల ఎక్కడున్నదో తెలియదు, ఆ టీచరమ్మ ఎక్కడున్నదో తెలియదు. నాయనమ్మ లేదు, నాయిన లేడు, ఆ సార్లూ లేరు. ఇంత వయసొచ్చాక వాళ్ల మీద ఇంకా కోపమేంటి, వదిలెయ్ అంటారు మా వాళ్లు. గుడికి తీసుకుపోతారు, ప్రవచనాలు పెట్టి వినిపిస్తారు. మా నాయిన మీద ప్రేమ లేదని కాదు. ఆయన చివరి రోజుల్లో రొట్టె నానేసి పెట్టింది నేనే. ప్రేమ ఉన్నది, కోపమూ ఉన్నది. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి, వాటికి నేనేం తగువు తీర్చను. నాకు చదువు రాక, చేతకాక బడి మానేసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. చదువు వచ్చి, చేసి చూపించి, అందరి చేతా అవుననిపించుకున్నాక తీసుకొచ్చి కూర్చోబెట్టారు. దాన్ని నేను వదలను. ఆ కోపం నాది, నాతోనే పోతుంది. ఇంతే అమ్మా, రాసుకో.